ఎవరి భుజానికి ఈ రైఫిలు

“నేనే కాల్చినానమ్మా. ఇంగెన్నిసార్లు సెప్పాల నీకు?”

స్టేషను గోడకు ఆనుకుని కూర్చున్న శాంతయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు తిక్క రేగింది. తిరుపతిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని ఇన్నేండ్లయింది, నేనేమీ చేయలేదు తల్లీ అని కాళ్లు పట్టుకున్నోళ్లను చూసినాను గానీ, కాపాడేదానికి పోయిన నన్నే కసురుకునే మనిషిని చూడ్డం ఇదే మొదలు.

అసలు నా పని హత్యలు కాదు, పెళ్లి ఎంక్వయిరీలు. పిల్లోడు తాగుతాడా, జీతం చెప్పినంతేనా, ఇంతకు ముందు ఎవురితోనన్నా తిరిగినాడా, ఇవి కనుక్కోవడంలో రేవతి పేరు చెప్తే రేణిగుంట నుంచి చిత్తూరు దాకా పెళ్లిళ్ల పేరయ్యలకు వణుకు. తుపాకీని సినిమాలో తప్ప చూసినదాన్ని కాదు. నిన్న శాంతయ్య భార్య మునిరత్నమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి నా రెండు చేతులూ పట్టుకునింది. “తుపాకీ పేలినప్పుడు మా ఆయన నా ముందర కూసోని సంగటి తింటా ఉండినాడమ్మా. చెయ్యి కూడా కడగలేదు, నువ్వు ఈడే ఉండు అని అట్లే లేచి పరిగెత్తినాడు. ఆయన ఎట్ల కాల్చింటాడు?” అని ఒకటే ఏడుపు. కాదనలేక ఒప్పుకున్నాను. ఇప్పుడేమో ఆ మొగుడు నేనే నేనే అంటా ఉండాడు. పెండ్లాం మాట నమ్మాలో మొగుని మాట నమ్మాలో ఆ ఏడుకొండలవాడికే తెలియాల.

జరిగింది ఇదీ. పూతలపట్టు దగ్గర శ్రీనివాసులు అనే పెద్దాయనకు పెద్ద మామిడి తోపు ఉండాది. భార్య పోయింది, పిల్లల్లేరు. తోపు మధ్యలో మిద్దెలో ఒక్కడే ఉంటాడు. శాంతయ్య ఆ తోపుకు కాపలా, ఇల్లు తోపు చివరన. మొన్న గురువారం మధ్యాహ్నం ఒక గుండు పేలింది. పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలినాడు. గుండు కుడి కంట్లోనుంచి పోయింది. పక్కన పడి ఉండింది ఆయన సొంత రైఫిలు, వాళ్ల నాయన కాలం నాటిది, లైసెన్సు ఉండేదే. దాని మీద శాంతయ్య వేలిముద్రలు ఉండాయి. పోలీసులు వచ్చేసరికి ఈయన గేటు కాడ నిలబడి “నేనే సార్” అన్నాడంట. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందర పెట్టి జైలుకు పంపేస్తారు. ఆ లోపల నేను ఏదో ఒకటి తేల్చాల, లేదంటే మునిరత్నమ్మ మొగుడు ఏండ్ల తరబడి లోపలే.

“సరే సామీ, నువ్వే కాల్చినావు. ఎందుకు కాల్చినావు?” అని అడిగినాను.

“తిట్టినాడు.”

“ఏమని?”

కాసేపు ఆలోచించినాడు. నిజంగా తిట్లు తిన్నోడికి అంత ఆలోచన అక్కర్లేదు. “పందులు తోపులో పడతా ఉంటే నిద్రపోతా ఉండావని.”

“ఎంత దూరం నుంచి కాల్చినావు?”

“దూరంగానే నిలబడి.”

“డాక్టరు దగ్గర నుంచే అని రాసినాడే?”

“అట్లయితే దగ్గరే.”

“ఆయన్ని అడిగితే దగ్గరంటాడు, నిన్నడిగితే ఆయన చెప్పిందే అంటావు. అప్పా, నీకు ముందర తుపాకీ పట్టుకునేది తెలుసునా? యాడ ఆనించినావు?”

“భుజానికి.”

“పాత రైఫిలు తంతే భుజం కమిలిపోతాదంట. నీ భుజం నున్నంగా ఉండాదే!”

“కొత్త రబ్బరు ఏసినాడు గదమ్మా అయ్యగారు, మెత్తంగా...” అని టక్కున నోరు మూసుకున్నాడు.

“ఏం రబ్బరు?”

“ఏమీ లేదు. నేనే కాల్చినాను. నువ్వు పోమ్మా, నీకు దండం పెడతా, ఇంటికి పో.”

ఆ కండ్లలో ఉండింది జైలు భయం కాదు. నన్ను చూసి భయం! నేనేం చేసినాను ఈ మనిషికి? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“పెళ్లిచూపులు అయిపోయినాయా రేవతమ్మా?”

వెనక నుంచి ఈ ఎత్తిపొడుపు ఎవురిదో తిరిగి చూడనక్కర్లేదు. సి.ఐ. మునికృష్ణ. మూడేండ్ల కిందట పాకాల సంబంధం వాళ్లు ఈయన గురించి విచారించమని నాకే పని అప్పజెప్పినారు. మనిషి మంచోడే, చెయ్యి చాచే రకం కాదు, కాకపోతే తొందరపాటు జాస్తి, ఎదుటి మనిషి మాట సగంలోనే తెంపేస్తాడు అని ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. ఆ సంబంధం తప్పిపోయింది. అప్పట్నుంచీ నన్ను చూస్తే పచ్చి మిరపకాయ కొరికినట్టు ముఖం పెడతాడు.

“సార్, ఈయన చెప్పేదాంట్లో ఒకదానికొకటి పొంతన...”

“ఒప్పుకున్నాడు, వేలిముద్రలు ఉండాయి, తుపాకీ దొరికింది. ఇంగేం పొంతన కావాల నీకు?” అన్నాడు. చూసినారా, సగంలోనే తెంపినాడు. “ఇప్పుడు ముద్దాయిని తోపుకు తీసకపోతా ఉండాము, ఎట్ల కాల్చినాడో చేసి చూపించేదానికి. శాంతయ్య తరఫు వకీలు ధనశేఖర్ గారు కాగితం పెట్టినారు కాబట్టి నిన్నూ రానిస్తా ఉండా. ఒక మూలన గమ్మున నిలబడాల.”

“నేను గమ్మున నిలబడేదానికి ఫీజు తీసుకోను సార్” అన్నాను.

ఆయన అప్పటికే జీపు వైపు నడిచినాడు.

తోపులో మిద్దె ముందర మునిరత్నమ్మ అప్పటికే కాచుకుని ఉండాది. మొగునికి బేడీలు చూసి కొంగు నోట్లో కుక్కుకునింది. శాంతయ్య ఆమె వైపు చూడలేదు.

వరండా పెద్దదేమీ కాదు. ఒక పక్క గోడకు ప్లాస్టిక్ కుర్చీ, పెద్దాయన చచ్చిపోయింది దాంట్లోనే. దాని ఎదురుగా నాలుగైదు అడుగుల అవతల ఖాళీ నేల. ఇంకో పక్క వడ్రంగి బల్ల. బల్ల మీద రంపం, వాడేసిన ఉప్పుకాగితం ముక్కలు, నల్లటి సన్నటి పొడి. వేలితో అద్ది చూసినాను. రబ్బరు పొడి.

“ఈ పనంతా ఎవురు చేసినారు?” అని మునిరత్నమ్మను అడిగినాను. ఆమె దినామూ ఈ మిద్దెలో కసువు చిమ్మే మనిషి, ఆమెకు తెలియకుండా ఉండదు.

“అయ్యగారేనమ్మా. తుపాకీ ఎనక భుజానికి ఆనించే తావ రబ్బరు ఉంటాది గదా, అది రాయి మాదిరి గట్టిపడిపోయి పగిలిపోయింది. చెన్నై నుంచి కొత్తది తెప్పించినాడు. బుధవారం పొద్దంతా కూసోని కట్టె కోసినాడు, రబ్బరు పెట్టి మరలు బిగించినాడు, మిగిలిందాన్ని ఉప్పుకాగితంతో రుద్దినాడు. మెరుగు పెట్టి బిడ్డను సూసుకున్నట్టు సూసుకున్నాడు. ఆ రేయే పందులొస్తే ఆకాశంలోకి ఒక గుండు ఏసినాడు కూడా.”

“మునిరత్నా, గమ్మునుండు!” అని శాంతయ్య గట్టిగా అరిచినాడు.

అందరం అదిరిపడినాము. హత్య చేసినానని ఒప్పుకునేటప్పుడు కూడా గొంతు లేపని మనిషి, రబ్బరు మాటకు ఎందుకు అరుస్తాడు? సి.ఐ. మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ఫోనులో పెద్దాయన శవం ఫోటో తెరిచి నా ముఖం ముందర పెట్టినాడు. “చూడు. కుర్చీలోంచి లేచే ప్రయత్నం కూడా చేయలేదు. అంత హఠాత్తుగా కాల్చినాడు.”

నేను ఫోటోను పెద్దది చేసి చూసినాను. పెద్దాయన ఒళ్లో కుట్టుపని వాళ్లు వాడే టేపు. దాని కొన ఇంకా ఆయన వేళ్ల మధ్యనే ఉండాది.

“ఈ టేపు ఎందుకు సార్?”

“కిటికీకి దోమల జాలీ కొలుస్తా ఉండినాడేమో.”

“కుర్చీలో కూర్చుని కిటికీ కొలుస్తాడా? కిటికీ అవతల గోడకు ఉండాది!”

“అది నాకు పనికొచ్చే విషయం కాదు.”

“ఎదురుగా ఒకడు వచ్చి కంటికి గురిపెడితే, మనిషన్నవాడు లేస్తాడు, అరుస్తాడు, కనీసం చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఈయన టేపు పట్టుకుని చూస్తా కూర్చున్నాడు. ఇది మీకు వింతగా లేదా?”

“శాంతయ్యా, ఇట్ల రా!” అని నన్ను వదిలేసినాడు ఆయన. బేడీలు తీయించినాడు. కానిస్టేబులు కోమలి బట్టలో చుట్టిన రైఫిలు తెచ్చింది. ల్యాబుకు పోవాల్సిన వస్తువును ఇట్ల తెచ్చి ఆడిస్తారా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేసినాను, దాన్ని దగ్గర్నుంచి చూసే అవకాశం నాకు మళ్లీ రాదు. వేలిముద్రలు ముందే తీసుకున్నారంట. బోల్టు తెరిచి లోపల ఖాళీ అని అందరికీ చూపించినాడు సి.ఐ. “యాడ నిలబడినావు? నిలబడు.”

శాంతయ్య ఖాళీ నేల దగ్గరికి పోయినాడు. పోయి నిలబడలేదు. చెప్పుల్లేని కాలితో నేలను రాస్తా ఉండాడు, మట్టిని తుడిచినట్టు. నేను వంగి చూసినాను. నాపరాయి మీద చాక్‌పీసుతో గీసిన గుర్తులు. పోలీసుల బూట్లకు చాలా వరకు చెరిగిపోయినాయి, ఒకటి మాత్రం సగానికి పైగా మిగిలింది. పాదం చుట్టూ గీసిన గీత. శాంతయ్య మడమతో దాన్నే రుద్దుతా ఉండాడు.

“కాలు తీయి!” అని గట్టిగా అరిచినాను.

“ఏమైంది?” అన్నాడు సి.ఐ.

“ఆ గుర్తును చెరిపేస్తా ఉండాడు సార్. ఇక్కడ ఎవురో నిలబడేదానికి పాదాలు గీసినారు.”

“పిల్లోళ్లు ఎవురో తొక్కుడుబిళ్ల ఆడింటారు.”

“ఈ మిద్దెలో పిల్లోళ్లు యాడుండారు?”

సి.ఐ. వంగి చూసినాడు. మొదటిసారి ఆయన నొసలు ముడిపడింది. ఆ గీతలో శాంతయ్య పాదం పెడితే వేళ్లన్నీ బయటికొస్తాయి. శాంతయ్య పొడుగు మనిషి, చేతులు కూడా అంతే, స్టేషనులో కూర్చున్నప్పుడు మోకాళ్లు గడ్డానికి తగలతా ఉండినాయి. తప్పు ఒప్పుకున్న మనిషి తన మీద లేని సాక్ష్యాన్ని ఎందుకు చెరపాల? నాకు తల తిరిగిపోతా ఉండాది. ఆకలి ఒకటి, పొద్దున్నుంచి కాఫీ తప్ప ఏమీ లేదు.

“కానీయ్, తుపాకీ పట్టుకో” అన్నాడు సి.ఐ.

శాంతయ్య రైఫిలు అందుకుని భుజానికి ఆనించినాడు. ఆనించగానే కుడి చేతి బొటనవేలు ముక్కుకు తగిలింది. మోచెయ్యి కోడిరెక్క మాదిరి ముడుచుకుపోయింది. పెద్దోడు చిన్నపిల్లోడి సైకిలు ఎక్కినట్టు ఉండాది చూసేదానికి.

“ఇట్లే కాల్చింటే ముక్కు పగిలిపోయేది” అన్నాను.

“చేతకాని మనిషి. ఇటియ్యి” అని సి.ఐ. తనే లాక్కుని భుజానికి పెట్టుకున్నాడు. ఆయన బొటనవేలు కూడా ముక్కు మీదికే వచ్చింది. రెండుసార్లు సర్దుకున్నాడు. కుదరలేదు. ఎర్రబడిన ముఖంతో దించినాడు.

“ఇది పొట్టిగా ఉండాది సార్” అన్నాను.

“రబ్బరు వేసేటప్పుడు కట్టె కోస్తారమ్మా. రబ్బరు మందం ఎంతో అంత కోసి, ఆ తావలో రబ్బరు పెడతారు. పొడుగు మారదు. ఇది కూడా తెలియకుండా డిటెక్టివ్ అని బోర్డు!”

ఆ మాట నిజమే అయింటాది. నాకు తెలియదు. కానీ బల్ల కింద రంపపు పొట్టులో ఏదో కనిపిస్తా ఉంటే మోకాళ్ల మీద కూర్చుని తీసినాను. నల్లగా పాత పాలిష్ ఉండే కట్టె ముక్క, రైఫిలు వెనక నుంచి కోసింది. రైఫిలుకు అతికించిన కొత్త రబ్బరు మీద నా వేళ్లు పెట్టి కొలిచినాను. ఒక వేలి మందం. కట్టె ముక్క మీద పెట్టినాను. మూడు వేళ్లు.

“ఒక వేలి మందం రబ్బరుకు మూడు వేళ్ల కట్టె ఎందుకు కోసినాడు సార్ ఆ పెద్దాయన? ఆయన ఆరడుగుల మనిషి గదా?”

“ముసలాయన. కొలత తప్పింటాడు.”

“టేపు చేతిలో పట్టుకుని చచ్చిపోయినోడు కొలత తప్పుతాడా?”

నేను చెయ్యి చాచినాను. “ఒకసారి ఇటియ్యండి. మళ్లీ ఒకసారి బోల్టు తెరిచి చూపించి ఇయ్యండి, నాకు భయం.”

నేను అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. పెళ్లిలో మా ఆయన పక్కన పీట వేసుకుని నిలబడినదాన్ని. ఆ చాక్‌పీసు పాదంలో నా పాదం పెట్టినాను, దాదాపు సరిపోయింది. రైఫిలు ఎత్తినాను. బరువుగా ఉండాది గానీ, భుజానికి ఆనించగానే నా కోసమే కొలత తీసి కుట్టించిన జాకెట్టు మాదిరి కుదిరింది. మెత్తటి రబ్బరు భుజం గుంతలో కూర్చునింది. చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి తనంతట తానే పోయింది. బొటనవేలికి, ముక్కుకు మధ్య కావాల్సినంత ఎడం.

“అయితే నువ్వే కాల్చినావా?” అన్నాడు సి.ఐ., ఎగతాళిగానే. కానీ ఆయన కండ్లు నవ్వలేదు.

“కోమలీ, ఆ కుర్చీలో కూర్చో తల్లీ” అన్నాను.

“నేనాక్కా? చచ్చిపోయినోళ్ల కుర్చీలోనా?” అని కోమలి సి.ఐ. వైపు చూసింది. ఆయన తలూపినాడు. ఆమె దేవునికి దండం పెట్టుకుని కొసాన కూర్చునింది.

నేను కండ్లు మూసుకుని, రైఫిలు దించి, మళ్లీ ఎత్తి, కండ్లు తెరిచినాను. ఎందుకట్ల చేసినానో నాకే తెలియదు, ఊరికే కుదురుతుందా లేదా అని. ఎదురుగా గొట్టం చివర కోమలి ముఖం.

“అక్కా, ఈడ నుంచి నీ కన్ను ఆ గొట్టం మీద గురి చూసేదానికి ఉండే రెండు గుర్తుల మధ్యన నేరుగా కనిపిస్తా ఉండాది. ఇట్లే పట్టుకో, కదలొద్దు” అనింది కోమలి.

కదలొద్దు. దర్జీ ముందర నిలబడిన పిల్లతో దర్జీ అనే మాట అది. రైఫిలు దించేసినాను. నిన్నట్నుంచీ నా బుర్రను తొలిచేస్తా ఉండిన చిక్కంతా ఒక్కసారిగా విడిపోయింది. నాకు పట్టలేనంత సంతోషమొచ్చింది, దాచుకునేదేముంది. ముఖ్యంగా మునికృష్ణ ముందర.

“సార్, ఇది హత్యే కాదు!” అని గట్టిగా చెప్పినాను. “పెద్దాయన కొలత చూస్తా ఉండినాడు. కొత్త రబ్బరు వేసి కట్టె కోసింది తన కోసం కాదు, వేరే మనిషి కోసం. ఆ మనిషిని ఈ పాదాల్లో నిలబెట్టి, తను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తుపాకీ భుజానికి సరిగ్గా కుదిరిందా, కన్ను గుర్తులకు సరిగ్గా వస్తా ఉండాదా అని గొట్టం ముందర నుంచి చూసినాడు. వేలు అందుతుందా, నొక్కి చూడమన్నింటాడు. ఖాళీదే అనుకున్నాడు పాపం. ముందు రేయి పందులకు గుండు వేసి, ఇంకో గుండు ఎక్కించి పెట్టింది మరిచిపోయినాడు. అందుకే లేవలేదు, అరవలేదు. ఆయన చెప్తేనే ఆ మనిషి ఆయన కంటికి గురిపెట్టింది!”

మునికృష్ణ ఈసారి నా మాట సగంలో తెంపలేదు. బల్ల మీది కట్టె ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పినాడు.

“ఎవురా మనిషి?” అని నెమ్మదిగా అడిగినాడు.

“అది నాకు తెలియదు. శాంతయ్య మాత్రం కాదు. నా అంత పొట్టి మనిషి, చిన్న పాదాలు...”

అప్పుడు చూసినాను శాంతయ్య ముఖం. విడుదలైపోతా ఉండే మనిషి ముఖం కాదది. రెండు చేతులూ నా వైపు జోడించి, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపుతా ఉండాడు. కండ్లలోనుంచి నీళ్లు కారిపోతా ఉండాయి. నాకు ఇంకా అర్థం కాలేదు.

మునిరత్నమ్మకు అర్థమైంది వేరే. మొగుడు బయటపడినాడని. ఆమె పరిగెత్తుకుని వచ్చి సి.ఐ. ముందర నిలబడింది. “ఈయమ్మ సెప్పింది నిజం సార్! అయ్యగారు కొలతలు అట్లే సూస్తాడు. మా బిడ్డ కృపామణికి కూడా అట్లే సూసినాడు. అది సరిగ్గా ఈయమ్మ అంతే ఉంటాది సార్. తిరుపతిలో డిగ్రీ, ఎన్‌సీసీలో కాల్పిస్తారు గదా, గురి బాగుండాదని అయ్యగారికి దానంటే ప్రాణం. నా చెయ్యి వణకతా ఉండాది పాపా, ఇంగ పందుల్ని బెదిరించేది నువ్వే అన్నాడు. పాత రబ్బరుతో ఒకసారి కాలిస్తే దాని భుజం నల్లగా కమిలిపోయింది. అందుకనే నీకు మెత్తటిది ఏయిస్తా అని... కావాలంటే దాన్నే పిలిపించి అడగండి సార్...”

మాట మధ్యలో ఆగిపోయింది. మొగుని వైపు చూసింది. శాంతయ్య నేల మీద కూలబడినాడు.

ఛీ, ఏం పని చేసినాను నేను! ఆ మనిషి పొద్దున్నుంచి నాకు దండం పెడతానే ఉండాడు, ఇంటికి పొమ్మంటానే ఉండాడు. నేనేమో తెలివి చూపించుకునేదానికి బిడ్డ మెడకు తాడు చుట్టి, ఆ ముడి తల్లి చేతనే వేయించినాను.

“అది గురువారం ఈడికి రాలేదు సార్” అనింది మునిరత్నమ్మ. “హాస్టల్లో ఉండాది. పరీక్షలు. ఫోను చేస్తే స్విచ్చాఫ్ వస్తా ఉండాది, పరీక్షలప్పుడు వార్డెనమ్మ ఫోన్లు తీసి పెట్టుకుంటాది. వాళ్ల నాయన సంగతి నేనే సెప్పలేదు, పరీక్షలు అయిపోనీ అని.”

“హాస్టలు నంబరు ఉండాదా?” అన్నాడు సి.ఐ. ఆయన గొంతులో గెలిచిన దర్పం లేదు. ఉండింటే తిట్టేదాన్ని.

మునిరత్నమ్మ ఫోనులోనుంచి ఆయనే డయల్ చేసి స్పీకరు పెట్టినాడు. వార్డెన్ పలికింది. పోలీసనగానే తడబడింది. “కృపామణా సార్? గురువారం పొద్దున్నే ఇంటికి పోయొస్తానని చెప్పి పోయింది. ఇంగా రాలేదు. నిన్న పరీక్ష కూడా రాయలేదు. వాళ్ల నాయన విషయం పేపర్లో చూసినాము, పాపం వాళ్లమ్మ తావ ఉండాదేమో అనుకున్నాము సార్.”

“లేదు! లేదు సార్!” శాంతయ్య లేచి నిలబడినాడు. “అది హాస్టలుకే పోయింది. నేనే ఎక్కించినాను తిరుపతి బస్సు. నేను పరిగెత్తుకుని వచ్చేతలికి తుపాకీ పట్టుకుని అట్లే నిలబడి ఉండింది సార్, ఊపిరి కూడా తీసుకోకుండా. ఖాళీదే నొక్కు పాపా అన్నాడంట అయ్యగారు. నేను తుపాకీ లాక్కుని, తుడిచేసి, నా చేతులే దాని మీద ఆనించి పడేసి, ఎనక దావన రోడ్డుకు తీసకపోయినాను. హాస్టలుకు పోయి గమ్మున పండుకో, ఎవురికీ ఏమీ సెప్పొద్దు, అంతా నేను సూసుకుంటా అని సెప్పినాను. బస్సు కదిలేదాకా నిలబడినాను సార్ నేను!”

“రెండు దినాలు!” మునిరత్నమ్మ మొగుని రొమ్ము మీద రెండు చేతులతో కొట్టింది. “రెండు దినాలు నాకు సెప్పకుండా! బిడ్డ యాడుందో తెలియకుండా నేను స్టేషను సుట్టూ తిరగతా ఉండా! నాకు సెప్పింటే నేను పోయి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూసునేదాన్ని గదా!”

కోమలి ఆమెను పట్టుకునింది, కానీ ఆపలేదు.

మునికృష్ణ ఫోను తీసి వరసగా పిలవడం మొదలు పెట్టినాడు. తిరుపతి కంట్రోల్ రూము, రేణిగుంట రైల్వే పోలీసులు, అలిపిరి చెక్‌పోస్టు. పిల్ల ఎత్తు, వయసు, వేసుకున్న చుడీదారు రంగు. రంగు చెప్పింది శాంతయ్యే. ఆఖరుసారి ఆ పిల్ల ఫోను ఏ టవరు కింద ఆగిపోయిందో చూడమన్నాడు. సాయంత్రం మేజిస్ట్రేటు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానిస్టేబులు బేడీలు పట్టుకుని ముందుకొస్తే సి.ఐ. చేత్తో అవతలికి నెట్టినాడు.

“శాంతయ్యా, జీపెక్కు. ఏ బస్సు, కండక్టరు ఎట్లుంటాడు, యాడ కూర్చునింది, దావలో అంతా చెప్పాల. రేవతమ్మా, నువ్వూ ఎక్కు. ఆడపిల్ల యాడికి పోతాదో, ఎవురి తావ దాక్కుంటాదో కనుక్కునేది నీకు తెలిసిన పని.”

ఆయన నోట్లోనుంచి నా పనికి మర్యాద రావడం అదే మొదలు. సంతోషించే ఓపిక లేదు. నేను జీపు మెట్టు మీద కాలు పెట్టినాను. వెనక నుంచి శాంతయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“అమ్మా, బస్సు కిటికీలోనుంచి ఒక మాట అనిందమ్మా అది. నేను ఎవురికీ సెప్పలేదు.”

“ఏమనింది?”

“నేను కూడా అయ్యగారి తావకే పోతా నాయనా, అనింది. నాకు కోపమొచ్చి, గమ్మున కూసో అన్నాను. బస్సు పోయింది.”

మునికృష్ణ ఆ మాట విని డ్రైవరు సీటులో కూర్చుని ఉన్న కానిస్టేబులును దించేసి తనే స్టీరింగు పట్టుకున్నాడు. మునిరత్నమ్మ ఎవురినీ అడగకుండా నా పక్కన ఎక్కి కూర్చునింది. ఫోనులో బిడ్డ ఫోటో తెరిచి నా చేతిలో పెట్టింది. ఎన్‌సీసీ టోపీ పెట్టుకుని, పండ్లన్నీ కనిపించేటట్టు నవ్వతా ఉండాది ఆ పిల్ల.